సముద్రంలో చమురు ఒలికినప్పుడు అధికారిక లెక్కలను పరిశీలించడం ఎలా

2010 ఏప్రిల్ 20న అమెరికాకు దక్షిణాన ఉన్న గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో డీప్‌వాటర్ హొరైజన్ అనే డ్రిల్లింగ్ రిగ్ (చమురు బావి తవ్వే వేదిక) పేలి 11 మంది కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. రెండు రోజుల తర్వాత రిగ్ మునిగిపోయింది. ఆ మర్నాడు, సముద్రగర్భంలోని బావి నుంచి చమురు కారుతున్న జాడ కనిపించలేదని అధికారులు చెప్పారు. ఏప్రిల్ 24న రోజుకు 1,000 బ్యారెళ్లు కారుతోందన్నారు. 28న దాన్ని 5,000 చేశారు. మే 27న 12,000 నుంచి 19,000 మధ్య అన్నారు. జూన్ 15 నాటికి ఆ అంకె 35,000 నుంచి 60,000కు చేరింది. బావి 87వ రోజున మూతపడ్డాక, ఆగస్టు 2న ప్రభుత్వ నిపుణులు తుది అంచనా ప్రకటించారు: మొదట్లో రోజుకు 62,000, చివర్లో 53,000, మొత్తం 49 లక్షల బ్యారెళ్లు.

ఈ క్రమాన్ని చూసిన తీరప్రాంత ప్రజలు ఆ తర్వాత వచ్చిన ఏ అధికారిక మాటనూ నమ్మలేదంటే తప్పు వారిది కాదు. అయితే అపనమ్మకం ఒక్కటే ఉంటే దానితో ఏ పనీ జరగదు. రేపు వేటకు వెళ్లవచ్చా, పట్టిన చేపను తినవచ్చా, నష్టపరిహారానికి ఏ ఆధారాలు దాచుకోవాలి అనే ప్రశ్నలకు 'అంతా అబద్ధం' అనే మాట జవాబు చెప్పలేదు. ఏ ప్రకటనను ఎంతవరకు నమ్మవచ్చో, ఎక్కడ నిలదీయాలో తేల్చుకోవడానికి ఒక పద్ధతి కావాలి. తీరంలో నివసించేవారికీ, స్థానిక ప్రజాప్రతినిధులకూ, విలేకరులకూ పనికివచ్చేలా ఆ పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

మొదటి రోజు నుంచే ఒక పుస్తకం పెట్టండి

అధికారులు, కంపెనీ ప్రతినిధులు చేసే ప్రతి ప్రకటననూ తేదీ, సమయంతో సహా ఒకే చోట రాసుకోండి. ఎవరు చెప్పారు, ఏ హోదాలో చెప్పారు, ఏ అంకె చెప్పారు, ఏ కొలమానంలో చెప్పారు, దేని ఆధారంగా చెప్పారు అన్నవి తప్పనిసరిగా ఉండాలి. ముఖ్యమైన వాక్యాలను మీ సొంత మాటల్లోకి మార్చకుండా ఉన్నవి ఉన్నట్టే ఎత్తిరాయండి, ఎందుకంటే తర్వాత వాదన అంతా ఆ వాక్యంలోని ఒకటి రెండు పదాల చుట్టూనే తిరుగుతుంది. వెబ్‌సైట్లలో పెట్టిన బులెటిన్లను తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి భద్రపరచండి. ఆధారం చెప్పని చోట 'ఆధారం చెప్పలేదు' అని రాయండి. వారం తిరిగేసరికి ఆ మాట ఎన్నిసార్లు రాయాల్సి వచ్చిందో చూస్తేనే చాలా సంగతులు బోధపడతాయి.

కొలమానాల విషయంలో ఏమరుపాటు పనికిరాదు. ఒక బ్యారెల్ అంటే 42 అమెరికన్ గ్యాలన్లు, అంటే సుమారు 159 లీటర్లు. ఒక టన్ను ముడిచమురు, దాని సాంద్రతను బట్టి, సుమారు 7 బ్యారెళ్లకు పైగా ఉంటుంది. ఒకే ప్రమాదాన్ని ఒకరు టన్నుల్లోనూ, మరొకరు గ్యాలన్లలోనూ చెబితే ఒకటి చిన్నదిగా, రెండోది పెద్దదిగా కనిపిస్తుంది. వచ్చిన ప్రతి అంకెనూ లీటర్లలోకి మార్చి పక్కన వేసుకోండి. అది రోజువారీ లెక్కా, మొత్తం లెక్కా, మొత్తమైతే ఏ రోజు నుంచి ఏ రోజు వరకు అన్నది కూడా చూడండి.

అంకె ఎక్కడి నుంచి పుట్టిందో అడగండి

నా ఉద్దేశంలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. ఎంత చమురు ఒలికిందన్నది ఎవరూ నేరుగా చూసి చెప్పలేరు, ఏదో ఒక దారిలో లెక్కకట్టాల్సిందే. ఓడ నుంచి ఒలికితే ట్యాంకుల్లో ముందు ఎంత ఉంది, ఇప్పుడు ఎంత ఉంది అని తీసివేయవచ్చు. బావి నుంచి ఎగదన్నుతుంటే ఒత్తిడిని బట్టి, లేదా కెమెరాలో కనిపించే ప్రవాహ వేగాన్ని బట్టి లెక్కించవచ్చు. ఇవేవీ చేతిలో లేనప్పుడు విమానం నుంచి నీటిపై తెట్టును చూసి అంచనా కడతారు. మొదటి రోజుల్లో వినిపించే అంకెలు చాలావరకు ఈ చివరి పద్ధతివే.

తెట్టును చూసి కట్టే అంచనా ఎంత వదులుగా ఉంటుందో ఒక లెక్క చేసి చూద్దాం. ఉత్తర సముద్రం చుట్టూ ఉన్న దేశాలు బాన్ ఒప్పందం కింద తెట్టు రంగును బట్టి దాని మందాన్ని నిర్ణయించే పట్టిక తయారుచేసుకున్నాయి. వెండి రంగులో పలచగా మెరిసే పొరలో చదరపు కిలోమీటరుకు 40 నుంచి 300 లీటర్ల చమురు ఉంటుంది. ఇంద్రధనుస్సు రంగులు కనిపిస్తే 300 నుంచి 5,000 లీటర్లు. లోహంలా మెరిస్తే 5,000 నుంచి 50,000 లీటర్లు. చమురు అసలు రంగుతో ఎడతెగకుండా పరుచుకుని ఉంటే 2 లక్షల లీటర్లకు పైమాటే.

ఇప్పుడు 100 చదరపు కిలోమీటర్ల తెట్టును తీసుకోండి. అందులో 80 చదరపు కిలోమీటర్లు వెండి పొర, 15 ఇంద్రధనుస్సు పొర, 5 లోహపు మెరుపు పొర అనుకుందాం. తక్కువ లెక్కన 3,200, 4,500, 25,000 కలిపి 32,700 లీటర్లు వస్తుంది. ఎక్కువ లెక్కన 24,000, 75,000, 2,50,000 కలిపి 3,49,000 లీటర్లు. అంటే సుమారు 206 బ్యారెళ్లు కావచ్చు, 2,195 బ్యారెళ్లూ కావచ్చు. రెండు చివరల మధ్య పదింతల తేడా ఉంది. పైగా మొత్తం చమురులో దాదాపు మూడొంతులు ఆ ఐదు చదరపు కిలోమీటర్ల మందపాటి భాగంలోనే ఉంది. ఆ ముక్క విమానంలో ఉన్నవారి కంటపడకపోయినా, ఫొటోలో రాకపోయినా లెక్క మొత్తం తారుమారవుతుంది. కాబట్టి ఏ అధికారి అయినా తెట్టును చూసి 'ఇన్ని లీటర్లు' అని ఒకే అంకె చెబితే, కనిష్ఠం ఎంత, గరిష్ఠం ఎంత, ఏ రంగు పొర ఎంత విస్తీర్ణంలో ఉంది అని అడగండి. జవాబు రాకపోతే ఆ అంకె కాకిలెక్క కిందే జమ.

ఈ పద్ధతికి ఇంకో లోపం ఉంది. అది నీటిపైకి తేలిన చమురును మాత్రమే చూస్తుంది. గల్ఫ్ ఆఫ్ మెక్సికో ప్రమాదంలో బావి నోరు సుమారు 1,500 మీటర్ల లోతున ఉంది. పైకి రాకముందే ఎంతో చమురు నీటిలో కలిసిపోయింది. రోజుకు 5,000 బ్యారెళ్లు అన్న అంచనా ప్రధానంగా పైన కనిపించిన తెట్టును బట్టి కట్టినదే, అయినా నెల రోజులపాటు అధికారిక అంకెగా అదే చెలామణి అయింది. మే 12న ఆ బావిని తవ్వించిన బీపీ కంపెనీ విరిగిన పైపు నుంచి చమురు ఎగదన్నుతున్న 30 సెకన్ల వీడియోను విడుదల చేసింది. పర్డ్యూ విశ్వవిద్యాలయ ఆచార్యుడు స్టీవ్ వియర్లీ అందులోని సుడుల కదలికను ఫ్రేము తర్వాత ఫ్రేము కొలిచి, రోజుకు సుమారు 70,000 బ్యారెళ్లు, 20 శాతం అటూఇటూ ఉండవచ్చని చెప్పారు. చివరికి తేలిన 62,000 ఆ హద్దుల్లోనే ఉంది. ఈ ఉదంతం నుంచి నేర్చుకోవలసింది ఒకటుంది: అధికారులు చెప్పే అంకె కంటే వారి దగ్గరున్న ముడి వీడియో, ముడి కొలతలు విలువైనవి. అంకె కోసం కాక వాటి కోసం పట్టుబట్టండి.

ఆ అంకెతో ఎవరికి ఏం లాభం

అమెరికా జలకాలుష్య చట్టం ప్రకారం అప్పట్లో ఒలికిన ప్రతి బ్యారెల్‌కు 1,100 డాలర్ల వరకు, ఘోర నిర్లక్ష్యం రుజువైతే 4,300 డాలర్ల వరకు జరిమానా పడేది. ఒక్కో బ్యారెల్‌కు అంత వెల ఉన్నప్పుడు లెక్క తగ్గించాలన్న తహతహ కంపెనీకి సహజంగానే ఉంటుంది. కోర్టులో బీపీ 24.5 లక్షల బ్యారెళ్లు సముద్రంలో కలిశాయని వాదించింది. బావి దగ్గరే పట్టుకున్నది మినహాయించి, ప్రభుత్వం 41.9 లక్షలని వాదించింది. 2015 జనవరిలో న్యాయమూర్తి 31.9 లక్షలని తీర్పు చెప్పారు. అంతకుముందే, 2012 నవంబరులో, కారుతున్న చమురు పరిమాణం విషయంలో అమెరికా కాంగ్రెస్‌ను తప్పుదారి పట్టించినట్టు బీపీ నేరం ఒప్పుకుంది. అదే విషయంలో వాటాదారులను మోసగించిందన్న అభియోగంపై అమెరికా షేర్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్‌కు 52.5 కోట్ల డాలర్లు కట్టేందుకు అంగీకరించింది. జనం అనుమానం వట్టిది కాదని ఈ కాగితాలే చెబుతున్నాయి.

ప్రభుత్వానికీ తన ప్రయోజనాలు ఉంటాయి. అనుమతులు ఇచ్చింది, తనిఖీలు చేసింది తానే కాబట్టి ప్రమాదం చిన్నదైతే తన తప్పూ చిన్నదవుతుంది. మరోవైపు పరిహారం కోరేవారికి పెద్ద అంకె లాభం. అందుకే పుస్తకంలో ప్రతి అంకె పక్కన 'ఇది పెరిగితే ఎవరికి నష్టం, తగ్గితే ఎవరికి లాభం' అన్న గడి ఒకటి ఉంచండి. ప్రయోజనం ఉన్నంత మాత్రాన చెప్పింది అబద్ధమని కాదు. ఆ అంకెకు బయటివారి కొలత కూడా తోడు కావాలని మాత్రమే దాని అర్థం.

క్రియాపదాలను జాగ్రత్తగా చదవండి

2010 ఆగస్టు 4న అమెరికా ప్రభుత్వం ఒలికిన చమురు ఏమైందో చెబుతూ ఒక లెక్క ప్రకటించింది. 17 శాతం బావి దగ్గరే పట్టుకున్నారు, 5 శాతం కాల్చేశారు, 3 శాతం నీటిపై నుంచి తోడేశారు, 8 శాతం రసాయనాలతో చెదరగొట్టారు, 16 శాతం దానంతటదే చెదిరిపోయింది, 25 శాతం ఆవిరైంది లేదా నీటిలో కరిగింది, 26 శాతం మిగిలింది. ఈ లెక్కను చూపించి చమురులో అత్యధిక భాగం పోయిందని ఉన్నతాధికారులు టీవీల్లో చెప్పారు.

ఆ అంకెలను మరోసారి కూడండి. మనుషులు నిజంగా తొలగించింది 17, 5, 3 కలిపి 25 శాతమే. చెదిరిన చమురు, కరిగిన చమురు సముద్రంలోనే ఉన్నాయి, కంటికి కనిపించడం మాత్రం మానేశాయి. అదే నెలలో అమెరికాలోని జార్జియా రాష్ట్ర శాస్త్రవేత్తల బృందం ఒకటి, బావి దగ్గరే పట్టుకున్న చమురును మినహాయించి సముద్రంలో కలిసిన 41 లక్షల బ్యారెళ్లను తీసుకుని, అందులో 70 నుంచి 79 శాతం ఇంకా అక్కడే ఉండవచ్చని చెప్పింది. నీటి అడుగున చమురు మేఘాలు లేనేలేవని మే నెలలో కంపెనీ అధిపతి అన్నాక, అమెరికాలోని వుడ్స్ హోల్ సముద్ర పరిశోధన సంస్థవారు జూన్‌లో కొలిచి, సుమారు 1,100 మీటర్ల లోతున 35 కిలోమీటర్ల పొడవైన చమురు మేఘం ఉందని ఆగస్టులో ప్రకటించారు.

చమురును బిందువులుగా విడగొట్టే రసాయనాలను ఆ ప్రమాదంలో సుమారు 18 లక్షల గ్యాలన్లు వాడారు. అందులో 7 లక్షలకు పైగా గ్యాలన్లను నేరుగా బావి నోటి దగ్గరే చిమ్మారు. ఆ రసాయనంలో ఏముందన్నది మొదట్లో వ్యాపార రహస్యంగా ఉంచి, ఒత్తిడి వచ్చాకే బయటపెట్టారు. ఇలాంటి రసాయనం వాడుతున్నట్టు తెలిసిన రోజే పేరు, పరిమాణం, చిమ్మిన చోటు, లోతు, అనుమతి ఇచ్చిన అధికారి హోదా అడిగి రాసుకోవాలి.

తోడేసిన చమురు లెక్కలోనూ ఒక చిక్కు ఉంది. అలల తాకిడికి ముడిచమురు నీటిని పీల్చుకుని గోధుమరంగు ముద్దగా మారుతుంది. అందులో 60 నుంచి 80 శాతం వరకు నీరే ఉండవచ్చు. స్కిమ్మర్లు (నీటిపై చమురును తీసే యంత్రాలు) తోడేది ఇలాంటి మిశ్రమాన్నే. కాబట్టి 'పది లక్షల లీటర్లు సేకరించాం' అన్నప్పుడు అందులో చమురు ఎంత, నీరు ఎంత అని విడదీసి అడగండి.

'కనిపించలేదు' అంటే 'లేదు' అని కాదు

ఏ ప్రకటనలోనైనా 'ఆధారాలు లేవు', 'గుర్తించలేదు' అన్న మాటలు వస్తే నాలుగు విషయాలు తెలుసుకోవాలి: ఎక్కడ వెతికారు, ఎప్పుడు వెతికారు, ఎంత లోతున వెతికారు, వారి పరికరం గుర్తించగలిగిన అతి తక్కువ మోతాదు ఎంత. 2009 ఆగస్టు 21న ఆస్ట్రేలియాకు ఉత్తరాన తిమోర్ సముద్రంలోని మొంటారా బావి నుంచి మొదలైన లీకు 74 రోజులు సాగింది. చమురు ఇండోనేసియా తీరానికి చేరలేదని కంపెనీ ఏళ్ల తరబడి వాదించింది. పశ్చిమ తిమోర్ ప్రాంతపు సముద్రపు నాచు రైతులు మాత్రం తమ పంట కుళ్లిపోయిందని చెబుతూనే వచ్చారు. వారు ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టుకు వెళ్లి, తాము కళ్లారా చూసినదాన్ని సాక్ష్యంగా చెప్పారు. చమురు అక్కడికి చేరిందనీ, పంట నష్టానికి కారణమైందనీ 2021 మార్చిలో కోర్టు తీర్పు ఇచ్చింది. 2022లో 19.25 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల రాజీ కుదిరింది. పదమూడేళ్లు పట్టింది! అన్నేళ్ల తర్వాత సాక్ష్యం చెప్పాల్సి రావచ్చని గ్రహించి, ఈ రోజు తీసే ఫొటో, రాసే తేదీ అంత పకడ్బందీగా ఉండేలా చూసుకోవడం అవసరం.

మీకు మీరుగా సరిచూసుకోగలిగినవి

గాలి, దూరం తెలిస్తే చమురు రాకను సుమారుగా అంచనా కట్టవచ్చు. నీటిపై తేలే చమురు ప్రవాహంతో పాటు గాలి వేగంలో సుమారు 3 శాతం వేగంతో కదులుతుంది. సెకనుకు 10 మీటర్ల గాలి తీరం వైపు నిలకడగా వీస్తుంటే, గాలి ఒక్కటే దాన్ని రోజుకు 26 కిలోమీటర్ల దాకా నెడుతుంది. 60 కిలోమీటర్ల దూరంలో ఉన్న తెట్టు వారం దాకా రాదని ఎవరైనా అంటే, ఏ ప్రవాహం దాన్ని ఆపుతుందని లెక్క కట్టారో చెప్పమనండి.

ఐరోపా కోపర్నికస్ కార్యక్రమంలోని సెంటినెల్-1 ఉపగ్రహ చిత్రాలు ఎవరికైనా ఉచితంగా దొరుకుతాయి. అది రాడార్‌తో చూస్తుంది కాబట్టి మబ్బులు, చీకటి అడ్డు రావు. చమురు చిన్న అలలను అణచివేస్తుంది, అందువల్ల తెట్టు నల్లని మరకలా కనిపిస్తుంది. అయితే గాలి బాగా తక్కువగా ఉన్న నీరు కూడా నల్లగానే కనిపిస్తుంది, గాలి మరీ ఎక్కువైతే తెట్టు చెదిరి కనిపించకుండా పోతుంది. ఆనాటి గాలి వేగం తెలుసుకోకుండా నల్లమరకను చూపించి చమురు అని చాటకండి, మరక లేదని ఊరట పడకండి.

తీరానికి కొట్టుకొచ్చిన చమురును నమూనాగా దాచాలనుకుంటే శుభ్రమైన గాజు సీసాలే వాడండి, ప్లాస్టిక్ డబ్బాలు పరీక్ష ఫలితాన్ని పాడుచేస్తాయి. మూత లోపల అల్యూమినియం రేకు వేయండి. ఒకే చోట రెండు నమూనాలు, చమురు తగలని చోట ఒకటి తీయండి. తేదీ, సమయం, జీపీఎస్ గుర్తులు, తీసినవారి సంతకం సీసాపై ఉండాలి. వెలుతురు తగలకుండా చల్లగా ఉంచి, చేతులు మారిన ప్రతిసారీ ఎవరు ఎవరికి ఇచ్చారో రాయించాలి. ప్రతి ముడిచమురుకూ వేలిముద్రలాంటి రసాయన నమూనా ఉంటుంది, ప్రయోగశాలలో దాన్ని పోల్చి ఏ బావిదో, ఏ ఓడదో తేల్చవచ్చు. చేతి తొడుగులు లేకుండా చమురును ముట్టుకోవద్దు. తాజా చమురు ఆవిరిలో క్యాన్సర్ కారకమైన బెంజీన్ ఉంటుంది, గాలి మీ వీపు వైపు నుంచి వీచేలా నిలబడండి. తల తిరిగినా కళ్లు మండినా వెంటనే వెనక్కి రండి. పిల్లలను, గర్భిణులను అటు రానివ్వవద్దు.

చేపలు తినవచ్చని ప్రకటిస్తే, ఏ జాతులను పరీక్షించారు, వాసన చూసి వదిలేశారా లేక రసాయన పరీక్ష కూడా చేశారా అని కనుక్కోండి. పరిమితిని ఎంత బరువున్న మనిషికి లెక్కకట్టారో తప్పక అడగండి. గల్ఫ్ ఆఫ్ మెక్సికో ప్రమాదం తర్వాత అమెరికా అధికారులు 80 కిలోల మనిషిని లెక్కలోకి తీసుకున్నారు. పిల్లలకు, గర్భిణులకు అది సరిపోదని తర్వాత పరిశోధకులు విమర్శించారు. ప్రకటనలో 'సురక్షితం' అన్న ఒక్క మాటే ఉంటుంది, ఎవరికి సురక్షితమో చిన్న అక్షరాల్లో ఉంటుంది.

ఇదే గీటురాయిని ఇతరుల మాటలకూ వాడండి

2010లో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో మీథేన్ వాయువు బద్దలై సునామీ వస్తుందన్న వదంతి ఇంటర్నెట్లో ఊరూరా తిరిగింది. అధికారులను నమ్మనివారు దాన్ని నమ్మేశారు. ఇంతకంటే మేలైన, లోతైన ఉదాహరణ టేలర్ ఎనర్జీ కంపెనీ సముద్రంలో నిలిపిన చమురు వేదిక. 2004లో ఇవాన్ తుపానుకు లూసియానా తీరంలో ఆ వేదిక కూలింది. లీకు రోజుకు 3 గ్యాలన్లకు మించదని కంపెనీ అనేది. ప్రభుత్వం కోసం 2018లో తయారైన ఒక విశ్లేషణ 249 నుంచి 697 బ్యారెళ్లు అంది. 2019లో నీటి అడుగున నేరుగా కొలిచినప్పుడు అది 9 నుంచి 108 బ్యారెళ్లని తేలింది. కంపెనీ చెప్పింది ఎంతో తక్కువ, ఉపగ్రహ చిత్రాలపై ఆధారపడిన అంచనా బాగా ఎక్కువ. మనకు నచ్చిన వైపు నుంచి వచ్చిన అంకెను కూడా అంతే గట్టిగా గీసి చూడాలని దీనివల్ల తెలుస్తోంది.

అంకె మారినంత మాత్రాన దగా అనుకోనక్కరలేదు. ఏ కొత్త కొలత వచ్చింది, పాత పద్ధతిలో లోపం ఏమిటి అని చెప్పి మార్చిన అధికారిని గౌరవించాలి. కారణం చెప్పకుండా, పాత బులెటిన్ మాయం చేసి మార్చినవారిని ప్రశ్నించాలి. మీ పుస్తకం ఈ రెంటినీ విడదీసి చూపుతుంది.

ప్రశ్నలు ఎలా అడగాలి

ఆవేశంగా అడిగే పది ప్రశ్నలకు నీళ్లు నమిలేవారికి, రాతపూర్వకంగా అడిగిన ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పక తప్పని పరిస్థితి వస్తుంది. ఒక్కో లేఖలో ఒక్కో విషయమే ఉండాలి. ఉదాహరణకు: 'ఫలానా తేదీ బులెటిన్‌లో రోజుకు ఇన్ని బ్యారెళ్లు అని పేర్కొన్నారు. ఈ అంచనాకు వాడిన పద్ధతి, కొలతలు, కనిష్ఠ గరిష్ఠ హద్దులు, లెక్కకట్టిన సంస్థ పేరు, ముడి వీడియో ప్రతి ఇవ్వగలరు.' మీ దేశంలో సమాచార హక్కు చట్టం ఉంటే అదే లేఖను ఆ చట్టం కింద దాఖలు చేసి రసీదు తీసుకోండి. తీరానికి, చమురు పాకకుండా నీటిపై వేసే తేలియాడే అడ్డుకట్టలైన బూమ్‌ల దగ్గరికి వెళ్లకుండా అడ్డుకుంటే ఏ ఉత్తర్వు కింద అడ్డుకున్నారో అడిగి రాయండి. 2010 జూన్ చివర్లో అమెరికా కోస్ట్‌గార్డ్ బూమ్‌లకు 65 అడుగుల దూరంలోపు ఎవరూ రాకూడదని, మీరితే భారీ జరిమానా అని నిబంధన పెట్టింది. విలేకరులు గట్టిగా నిలదీయడంతో కొద్ది రోజులకే దాన్ని సడలించింది.

కెమెరాలు వెళ్లిపోయాక కూడా లేఖలు ఆపకూడదు. 1989 మార్చిలో అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నుంచి ఒలికిన చమురు పాతికేళ్ల తర్వాత కూడా అక్కడి తీరాల్లో గులకరాళ్ల కింద దొరికింది. కాబట్టి శుభ్రం చేయడం పూర్తయిందని ప్రకటించిన రోజున, ఇకపై నీటిని, ఇసుకను, చేపలను ఎవరు పరీక్షిస్తారు, ఎన్నాళ్లకొకసారి, ఏ చోట్ల, ఎన్నేళ్లపాటు, ఫలితాలు ఎక్కడ పెడతారు అని మరో లేఖ రాయండి. ఆ జవాబులోని తేదీలను పుస్తకంలో ముందుగానే నింపుకుని, ప్రతి తేదీన ఫలితం వచ్చిందో లేదో ఎదురుగా గుర్తుపెట్టండి.